చానల్ ఆగిపోయిందా? గొడవెక్కడో తేల్చుకుని స్ట్రీమింగ్‌కు మారడం ఎలా

టీవీలో చానల్ ఉన్నట్టుండి రాకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేముందు రిమోట్ పట్టుకుని రెండు నిమిషాలు చానళ్లన్నీ తిప్పి చూడండి. ఏవి పోయాయి, ఏవి ఉన్నాయి అన్నదాన్ని బట్టే ఎందుకు పోయాయో చాలావరకు తెలిసిపోతుంది. అది తెలియకుండా కోపంలో ఇంటర్నెట్ టీవీకి మారితే ఆ చానల్ అక్కడా దొరక్కపోవచ్చు, రెండుచోట్లా డబ్బులు కట్టాల్సీ రావచ్చు.

ఏం పోయిందో చూడండి

అన్ని చానళ్లూ పోయి తెర మీద సిగ్నల్ లేదని వస్తే అది డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి బిగించి ఉండే, సిగ్నల్ పట్టే భాగం), వైరు వ్యవహారం. మన డీటీహెచ్ అంతా కేయూ బ్యాండ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల మీద వస్తుంది. జోరువానకు ఆ తరంగాలు బలహీనపడతాయి, వాన తగ్గాక దానంతటదే వస్తుంది. వాన వెలిసినా రాకపోతే డిష్ కదిలిందేమో, ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయేమో చూడాలి. కనెక్టర్ విప్పేముందు బాక్స్ స్విచ్ ఆపండి. ఎల్‌ఎన్‌బీకి కావలసిన 13 లేదా 18 వోల్టుల కరెంటు ఆ వైరులోనే వెళ్తుంది, రెండు తీగలు తాకితే బాక్స్ దెబ్బతినొచ్చు. లోపలి రాగి తీగ నల్లగానో పచ్చగానో ఉంటే పాడైన మేర కత్తిరించి కొత్త కనెక్టర్ బిగిస్తే సరిపోతుంది.

ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు చానళ్లు పోతే, అంటే ఒక భక్తి చానల్, ఒక హిందీ వార్తల చానల్, ఒక సినిమా చానల్ ఇలా, అవి ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో కొన్ని చానళ్లను ఒక ఫ్రీక్వెన్సీ మీద కలిపి పంపే పరికరం) మీద వచ్చేవి అయి ఉంటాయి. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ మీ డిష్‌కు సరిగా అందడం లేదు. ఇదీ సిగ్నల్ సమస్యే, మెకానిక్ పని.

ఒక్క చానలే పోయి, మీ ప్యాక్‌లో లేదని తెర మీద కనిపిస్తే ప్యాక్‌లో మార్పు జరిగింది. ఆపరేటర్ ఆ చానల్‌ను మీ ప్యాక్ నుంచి తీసేసినా విడిగా అమ్ముతూనే ఉండొచ్చు. యాప్‌లో చానల్ నంబర్ వెతికి విడి ధరకు చేర్చుకుంటే సాధారణంగా కొద్దిసేపట్లో వచ్చేస్తుంది.

స్టార్ మా, స్టార్ మా మూవీస్, స్టార్ మా గోల్డ్, స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఒకేసారి పోయి ఈటీవీ, జెమిని, జీ తెలుగు బాగానే వస్తున్నాయా? అయితే అది డబ్బుల గొడవ. ఒకే సంస్థ చానళ్లన్నీ కట్టకట్టుకుని పోవడమే దాని గుర్తు.

ఇక కేబుల్‌లో ఒకటి రెండు వార్తా చానళ్లే పోయి పక్కింటి డీటీహెచ్‌లో మాత్రం వస్తుంటే, స్థానికంగా ఆపేశారన్నమాట. తెలుగు రాష్ట్రాల్లో ఇది కొత్త కాదు. 2014 జూన్‌లో తెలంగాణ కేబుల్‌లో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5 వంతు వచ్చింది. 2024 జూన్‌లో అక్కడే టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ ఆగాయి. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే చానల్‌ను తిరిగి ఇవ్వమని 15 మంది ఎమ్‌ఎస్‌ఓలకు, అంటే ఊళ్లలోని కేబుల్ వాళ్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటర్లకు, కోర్టు చెప్పింది. ప్రభుత్వం మారితే ఆగే చానళ్లు మారతాయి, అంతే. ఇలాంటప్పుడు ప్యాక్ మార్చినా బాక్స్ మార్చినా ఉపయోగం ఉండదు. డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే తెలుగు వార్తా చానళ్లు దాదాపు అన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ ఇస్తున్నాయి.

డబ్బుల గొడవలో ఎన్నాళ్లు ఆగాలి

మీరు కట్టే డబ్బు కేబుల్ అతని నుంచి ఎమ్‌ఎస్‌ఓకు, అక్కడి నుంచి చానల్ యజమానికి వెళ్తుంది. డీటీహెచ్‌లో మధ్యలో ఒక్క కంపెనీయే. చానల్ సంస్థ, ఆపరేటర్ మధ్య ఒప్పందం గడువు తీరినప్పుడో, ధరలు మారినప్పుడో పేచీ మొదలవుతుంది. 2023 ఫిబ్రవరి 1 నుంచి నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన టారిఫ్ (ధరల నిబంధనలు) అమల్లోకి వచ్చింది. నెలకు 19 రూపాయలు దాటని చానల్‌నే బొకేలో (కలిపి అమ్మే చానళ్ల కట్టలో) పెట్టాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన. దానికి తగ్గట్టు చానల్ సంస్థలు కొత్త ధరలతో ఒప్పందాలు పంపాయి. ఆ ధరలకు బిల్లులు పెరుగుతాయని ఆలిండియా డిజిటల్ కేబుల్ ఫెడరేషన్‌లోని ఆపరేటర్లు సంతకం పెట్టలేదు. ఫిబ్రవరి 18న డిస్నీ స్టార్, జీ, సోనీ మూడూ వాళ్లకు సిగ్నల్ ఆపేశాయి. వారంలోపే రాజీ కుదిరి చానళ్లు తిరిగొచ్చాయి.

మామూలుగా ఇవి ఇలాగే ముగుస్తాయి. చానల్ ఆగితే ఒకరికి ప్రకటనల ఆదాయం పోతుంది, ఇంకొకరికి కస్టమర్లు పోతారు, అందుకని ఇద్దరూ ఎక్కువ రోజులు నిలవలేరు. వారం పది రోజులు ఓపిక పట్టడమే మేలు. మధ్యలో క్రికెట్ ఫైనల్ ఉంటే తప్ప తొందరపడకండి. ఆపేముందు మూడు వారాల నోటీసు ఇవ్వాలని నిబంధన ఉంది కాబట్టి చాలాసార్లు తెర కింద స్క్రోలింగ్ ముందే మొదలవుతుంది. చానల్ వేసే స్క్రోలింగ్‌లో తప్పంతా ఆపరేటర్‌ది, ఆపరేటర్ వేసేదాంట్లో తప్పంతా చానల్‌ది. రెండింట్లోనూ మీకు పనికొచ్చేది ఆపే తేదీ ఒక్కటే. ఆ తేదీ దగ్గర్లో ఉంటే ఆరు నెలల రీచార్జి, ఏడాది రీచార్జి జోలికి పోవద్దు, నెలకే చేయించుకోండి.

ఆగిన రోజుల్లో ఆ చానళ్లకు డబ్బు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఫోన్ చేసినా ఫిర్యాదు నంబర్ తీసుకోండి, ఆగిన తేదీ, చానళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. కింది స్థాయిలో తేలకపోతే ఆ కంపెనీలో తేలని ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపాలి, ఆ పైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ట్రాయ్‌కి రాస్తే వ్యక్తిగత ఫిర్యాదును తిరిగి కంపెనీకే పంపుతారు, అక్కడ తీర్పు చెప్పరు.

బిల్లు విప్పి చూడటం

మారాలా వద్దా అనేది లెక్క చూస్తేగాని తేలదు. 2019 నుంచి బిల్లులో రెండు భాగాలున్నాయి. ఒకటి నెట్‌వర్క్ ఫీజు, రెండోది చానళ్ల ధర. నెట్‌వర్క్ ఫీజు చాలాకాలం 130 రూపాయలుండేది, 18 శాతం జీఎస్టీతో 153.40. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది కాబట్టి ఇప్పుడు మీ ఆపరేటర్ ఎంత వేస్తున్నాడో బిల్లులోనే చూడాలి. చానల్ ధర 19 రూపాయలైతే పన్నుతో 22.42 అవుతుంది. అలాంటివి నాలుగు విడిగా తీసుకుంటే 89.68. పాత ఫీజుతో కలిపితే 243.08.

ఇప్పుడు ఒక కాగితం మీద ఇంట్లో ఎవరు నిజంగా ఏం చూస్తారో రాయండి. 300 చానళ్ల ప్యాక్ కట్టే ఇళ్లలోనూ ఈ జాబితా పది దాటదు. సాయంత్రం సీరియళ్లు, ఉదయం భక్తి కార్యక్రమాలు, వార్తలు, ఆదివారం సినిమా, క్రికెట్, పిల్లల కార్టూన్లు. ప్రతిదాని పక్కనా అది ఏ యాప్‌లో ఉందో రాయండి. స్టార్ మా కార్యక్రమాలు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. ఆహాలో సినిమాలు, సొంత సిరీస్‌లు బాగానే ఉంటాయి గాని అది టీవీ చానల్‌కు బదులు కాదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి కోసం ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్ ఉంది.

డబ్బు కట్టేముందు ఒకటి తప్పకుండా చూడండి. చానల్ లైవ్‌గా వస్తుందా, ఎపిసోడ్లు మాత్రమే వస్తాయా? సీరియల్ చూసేవాళ్లకు ఎపిసోడ్ చాలు. టీవీ పెట్టి వదిలేసి పనిచేసుకునే ఇంట్లో మాత్రం లైవ్ లేకపోతే రెండో రోజుకే గొడవ మొదలవుతుంది. ప్లాన్ టీవీకి వర్తిస్తుందా, ఫోన్‌కు మాత్రమేనా, ఒకేసారి ఎన్ని తెరలు అన్నవి కూడా ఆ పేజీలోనే ఉంటాయి. తక్కువ ధర ప్లాన్ చాలాసార్లు ఫోన్‌కే పరిమితం.

ఆ జాబితాకు నాలుగైదు యాప్‌లు కావాల్సివస్తే స్ట్రీమింగ్ చవక అవ్వదు. అప్పుడు రెండు యాప్‌లు తీసుకుని, మిగతా చానళ్లను డీటీహెచ్‌లో విడిగా ఉంచుకోవడమే లాభం. పూర్తిగా మారాలన్న పట్టుదల అక్కర్లేదు.

నెట్ ఎంత కావాలి

1080పీ నాణ్యతకు టీవీ ఒక్కింటికి 5 ఎమ్‌బీపీఎస్ చాలు, 4కేకి 15 దాకా. ఇద్దరు ఫోన్లు చూస్తున్నా, రెండు టీవీలు నడుస్తున్నా 40 ఎమ్‌బీపీఎస్ ప్లాన్ సరిపోతుంది. 300 ఎమ్‌బీపీఎస్ అమ్మేవాళ్ల మాట నమ్మి ఎక్కువ కట్టనక్కర్లేదు. డేటా విషయంలో లెక్క ఇలా ఉంటుంది. 5 ఎమ్‌బీపీఎస్ చొప్పున గంటకు 2.25 జీబీ. రోజుకు నాలుగు గంటలైతే నెలకు 270 జీబీ. రెండు టీవీలైతే 540. ఫైబర్ ప్లాన్లలో 3,300 జీబీ దాకా పూర్తి వేగం ఇచ్చేవి చాలా ఉన్నాయి కాబట్టి బాధ లేదు. గాలి ద్వారా వచ్చే ఎయిర్‌ఫైబర్ ప్లాన్లలో 1,000 జీబీ పరిమితి సాధారణం. పెద్ద ఇంట్లో అది నెలాఖరుకు అంచుకు చేరుతుంది. రోజుకు 2 జీబీ మొబైల్ ప్లాన్‌తో హాట్‌స్పాట్ పెట్టి హెచ్‌డీ చూస్తే గంట కూడా నిండదు.

వేగం పరీక్షించేది టీవీ దగ్గర నిలబడి, రాత్రి 8 నుంచి 10 మధ్య. మధ్యాహ్నం రౌటర్ పక్కన ఫోన్‌లో చూసిన అంకె ఎందుకూ పనికిరాదు.

చిన్న ఊళ్లలో ఇంకో సంగతి. కేబుల్ అతనే నెట్ కూడా ఇస్తుంటాడు. టీవీ తీసేస్తే నెట్ ధర పెంచుతాడా అని ముందే అడిగి తేల్చుకోండి, మొహమాటం వద్దు.

పెట్టె ఎంచుకోవడం, బిగించడం

టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఉంటే కొత్త టీవీ కొనక్కర్లేదు. ఆ పోర్టులో గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ పెడితే చాలు. ఐదారేళ్ల స్మార్ట్ టీవీల్లో కొన్ని యాప్‌లు అప్‌డేట్ కావడం ఆగిపోతుంది. వాటికీ స్టిక్కే మందు. ఊరూపేరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్సులు మాత్రం వద్దు. యాప్‌లు హెచ్‌డీ ఇవ్వాలంటే పరికరంలో వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రతా స్థాయి ఉండాలి. ఆ బాక్సుల్లో చాలావరకు ఎల్3 మాత్రమే ఉంటుంది. నెట్ ఎంత వేగంగా ఉన్నా బొమ్మ మసకగా ఉండటానికి అదే కారణం. ఏడాదికి ఇంతని తీసుకుని వేల చానళ్లు చూపిస్తామనే బాక్సులది వేరే కథ. అవి దొంగ ప్రసారాలు, అమ్మినవాడు ఎప్పుడు మాయమవుతాడో తెలియదు, ఇంటి నెట్‌వర్క్‌లోకి మాల్‌వేర్ తెచ్చినవి కూడా ఉన్నాయి.

స్టిక్‌కు కరెంటు దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ వెనకున్న యూఎస్‌బీలో గుచ్చితే కొన్ని టీవీల్లో కరెంటు చాలక మధ్యమధ్య రీస్టార్ట్ అవుతుంది. టీవీ గోడకు ఆనుకుని ఉంటే పెట్టెలో వచ్చే చిన్న పొడిగింపు వైరు వాడండి. స్టిక్ టీవీ వెనక ఇనుప ప్లేటుకు ఆనుకుంటే వైఫై బలం తగ్గుతుంది, వేడీ ఎక్కువవుతుంది.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ కనిపిస్తాయి. రౌటర్ అదే గదిలోనో పక్క గదిలోనో ఉంటే 5 తీసుకోండి. రెండు గోడలు దాటాలంటే అది తేలిపోతుంది, అప్పుడు 2.4 గతి. అపార్ట్‌మెంట్లలో 2.4 మీద పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ గుమిగూడి ఉంటాయి. రౌటర్ సెట్టింగ్‌లో వైఫై చానల్‌ను (ఇది టీవీ చానల్ కాదు) 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. వీటన్నిటికంటే నమ్మకమైనది లాన్ వైరు. క్యాట్6 వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎమ్‌బీపీఎస్‌దే అయినా 4కేకి అది ధారాళం.

కరెంటు పోతే టీవీ ఇన్వర్టర్ మీద నడిచినా రౌటర్ ఆగితే లాభం లేదు. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి, చాలావాటికి 12 వోల్టులే, దానికి తగ్గ మినీ యూపీఎస్ పెట్టుకోండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పరవాలేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకో గంట పని ఉంది. వాళ్లకు చానల్ అంటే నంబరే. నంబర్ మీటల్లేని స్టిక్ రిమోట్ చేతిలో పెడితే బెంబేలెత్తుతారు. హోమ్ తెర మీద వాళ్లకు కావలసిన మూడు యాప్‌లు వరసలో మొదట పెట్టి మిగతావి కిందికి జరపండి. ప్రొఫైల్ అడిగే యాప్‌లో ఒక్క ప్రొఫైలే ఉంచండి. మైకు మీట నొక్కి చానల్ పేరు తెలుగులో పలకడం నేర్పితే సగం బాధ తీరుతుంది.

మారాక వచ్చే తంటాలు

బొమ్మ ఆగి ఆగి వస్తే ముందు రౌటర్ లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటుంటే ఫైబర్ తెగిందనో బాగా వంగిందనో అర్థం. మీరు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా రాదు, ఫిర్యాదు చేయాల్సిందే. లైట్లు బాగుండి ఒక్క యాప్‌లోనే ఆగుతుంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ క్యాష్ (అది దాచుకున్న తాత్కాలిక డేటా) తుడిచి చూడండి. స్టిక్‌లో నిల్వ జాగా నిండిపోతే కూడా ఇదే లక్షణం.

క్రికెట్‌లో పక్కింటివాళ్లు ముందే అరవడం లోపం కాదు. స్ట్రీమింగ్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా పంపుతారు, యాప్ రెండు మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని ఆడిస్తుంది. అందుకే డిష్ కంటే అర నిమిషం అటూఇటూ వెనకబడుతుంది. మధ్యలో ఆపి మళ్లీ నడిపితే ఇంకా వెనక్కి పోతుంది, లైవ్ మీట నొక్కితే ముందుకొస్తుంది. స్కోరు నోటిఫికేషన్లు ఆపుకోవడం మంచిది.

స్ట్రీమింగ్‌కు మారితే గొడవల బెడద పోతుందనుకోవద్దు. బ్రాడ్‌బ్యాండ్‌తో కలిపి ఇచ్చే ఐపీటీవీ కూడా కేబుల్‌లాగే చానల్ సంస్థతో ఒప్పందం చేసుకోవాలి, అక్కడ పేచీ వస్తే ఇక్కడా చానల్ ఆగుతుంది. నేరుగా యాప్‌కు కడితే ఆ మధ్యవర్తి పోతాడు గాని హక్కులు చేతులు మారే సమస్య ఉంటుంది. 2023లో ఐపీఎల్ టీవీలో స్టార్ స్పోర్ట్స్‌లో, ఇంటర్నెట్‌లో మాత్రం జియోసినిమాలో వచ్చింది. అందాకా హాట్‌స్టార్‌కు ఏడాది డబ్బు కట్టినవాళ్లు చూస్తూ ఉండిపోయారు. ఆ రెండు యాప్‌లూ కలిసి జియోహాట్‌స్టార్ అయింది 2025 ఫిబ్రవరిలో. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2025 అక్టోబరు 30న యూట్యూబ్ టీవీలో ఈఎస్‌పీఎన్, ఏబీసీ సహా డిస్నీ చానళ్లన్నీ ఆగిపోయి నవంబరు 14న గాని రాలేదు. అక్కడ ఏబీసీ లాంటివాటికి ఒక యాంటెనా కొని పెట్టుకుంటే ఆ రోజులు గడిచిపోతాయి.

అందుకని ఏడాది చందా కట్టేముందు నెల చందాతో మొదలుపెట్టండి. క్రికెట్ కోసమైతే సిరీస్ ఉన్న నెలకే కట్టండి. నెట్ పోయినప్పటి కోసం ఒక మార్గం కావాలంటే దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోవచ్చు. బాక్స్, డిష్ కొన్నాక నెలవారీ చందా ఉండదు. హైదరాబాద్ నుంచి చూస్తే దాని ఉపగ్రహం ఆగ్నేయ దిక్కులో, దాదాపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాక కింది వైపు ఉండేది) కాబట్టి కంటికి అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. తెలుగు వినోద చానళ్ల కోసం దాని మీద ఆధారపడలేం గాని, భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు డీడీ స్పోర్ట్స్‌లో వస్తాయి. ఆ మ్యాచ్‌లు కేబుల్, ప్రైవేట్ డీటీహెచ్‌లలోని డీడీ స్పోర్ట్స్‌లో రావు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అవి ఫ్రీ డిష్, దూరదర్శన్ భూతల ప్రసారాలకే పరిమితం. ఐపీఎల్ ఈ జాబితాలో లేదు.

పాత కనెక్షన్ ముగించడం

కొత్తది నెలపాటు సవ్యంగా నడిచాకే పాతది తీసేయండి. డీటీహెచ్ ప్రీపెయిడ్ కాబట్టి రీచార్జి చేయకపోతే దానంతటదే ఆగుతుంది. కాని యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే డబ్బు కోత ఆగదు. యూపీఐ యాప్‌లో మ్యాండేట్ల (ఆటోపేకు మీరిచ్చిన అనుమతుల) పేజీకి వెళ్లి రద్దు చేయండి. స్ట్రీమింగ్ చందాలకూ ఇదే వర్తిస్తుంది. కోతకు 24 గంటల ముందు వచ్చే మెసేజీని చూడకుండా తోసేయకండి. కేబుల్ బాక్స్ అద్దెదైతే అడాప్టర్, రిమోట్‌తో సహా తిరిగిచ్చి, బాక్స్ మీది సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అదే రోజు అడగాలి, తర్వాత అడిగితే రికార్డు దొరకదంటారు. బాక్స్ మీ సొంతమైతే దాచి ఉంచండి, చానల్ గొడవ సర్దుకున్నాక నెల రీచార్జితో మళ్లీ వాడుకోవచ్చు.